వంగిన నడుములకు వినయ బోధ

*కోనసీమ పేటల్లో సువార్త మనిషికి విలువ తెచ్చింది. ఆ విలువ ఆ మనిషి లోపలికి ఎంతవరకు దిగింది?*

ఆదివారం పొద్దున్నే కొత్తపేట నుంచి ఏ దారి పట్టినా సరే, దళిత పేట ఉన్నచోటల్లా మైకు వినబడుతుంది. ముందు పాటలు, ఆ పైన ప్రార్థన. రావులపాలెం దారిలో విన్నా, అమలాపురం దారిలో విన్నా ప్రార్థన ఎత్తుగడ ఇంచుమించు ఒకటే. నేను అయోగ్యుణ్ని, మట్టిని, పురుగును, నాలో ఏ మంచీ లేదు. ఆ మాటలంటున్నది కొబ్బరి దింపు కూలీ కావచ్చు, ఊడ్పులకు వెళ్లి వెళ్లి నడుము వంగిన ముసలామె కావచ్చు, సెలవు మీద కువైట్ నుంచి ఇంటికొచ్చిన మనిషి కావచ్చు. కళ్లు మూసుకుని, కొంగు తలమీదికి లాక్కుని, గొంతు వణుకుతుండగా అంటారు.

తనను పురుగుతో పోల్చుకున్న మాట బైబిలులో ఉన్నదే, 22వ కీర్తనలో. ఆ కీర్తన దావీదుదని చెబుతారు. దావీదు రాజు. సింహాసనం మీది మనిషి కిందికి దిగి ఆ మాట అంటే అది వినయం. వారం పొడుగునా కామందు దొడ్లో, షావుకారు కొట్టు దగ్గర, మండలాఫీసు వరండాలో తనకు దొరికిన విలువ ఏపాటిదో ఆ విలువనే ఆదివారం నాడు తన నోటితో తానే కట్టుకుంటే దాన్నీ వినయమే అనాలా? నాకు అలా అనబుద్ధి కాదు. పైగా ఆ ప్రార్థన అయ్యాక ప్రసంగం మొదలవుతుంది. చాలాసార్లు అది గర్వం మీదే. తగ్గించుకోండి, ఇంకా తగ్గించుకోండి అని.

ఎవరితో అంటున్నాం ఈ మాట?

రాతిపనివాడు, చెప్పులు కుట్టేవాడు

1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో సహా ఓడెక్కి వచ్చారు. మచిలీపట్నంలో కొంతకాలం ఉండి, నరసాపురం, పాలకొల్లు చేరుకున్నారు. గోదావరి డెల్టా మిషనుకు అలా పాదు పడింది. వాళ్లు దొరల కుటుంబాల్లో పుట్టినవాళ్లు కారు. ఒకరిది రాతిపని, ఒకరిది చెప్పులు కుట్టే పని. తోలు ముట్టుకున్నవాణ్ని ఊరవతల ఉంచిన దేశానికి చెప్పులు కుట్టి బతికినవాడు దేవుడి మాట చెప్పడానికి వచ్చాడన్నమాట. ఆ సంగతి అప్పటి పేటల్లో ఎవరి చెవినైనా పడిందో లేదో. పడి ఉంటే ప్రసంగం కంటే అదే ఎక్కువ పని చేసి ఉండేది.

1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852కి పూర్తయింది. ఆర్థర్ కాటన్ ఈ మిషనరీలకు అండగా నిలిచాడు. ఆనకట్ట పనికి దూరదూరాల నుంచి వచ్చిన వేలాది కూలీల మధ్య వీళ్లు తిరిగి చెప్పారు. కాలవలొచ్చాయి, కోనసీమ పండింది. పండిన భూమి మాత్రం పేటల చేతికి రాలేదు. కాలవ నీళ్లలో పేటలకు దక్కిన వాటా ఒకటుంది. బాప్తిస్మాలు అందులోనే ఇచ్చారు. ఇప్పటికీ ఇస్తున్నారు.

ఈ మిషనరీలది బ్రదరన్ పద్ధతి. అభిషేకం పొందిన గురువు అంటూ విడిగా ఉండడు. ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. సంఘంలో ఏ సహోదరుడైనా లేచి ప్రార్థించవచ్చు, వాక్యం చెప్పవచ్చు. ఇంగ్లండులో ఈ ఏర్పాటు గురువుల పెత్తనం మీద విసుగుతో పుట్టింది. గోదావరి ఒడ్డుకు వచ్చేసరికి దాని బరువే మారిపోయింది. మునసబు ముందు, కరణం ముందు నోరు విప్పని మనిషి లేచి నిలబడి, లోకాన్ని చేసినవాడితో నలుగురూ వినేట్టు మాట్లాడాడు. ఊళ్లో ఒరే అనిపించుకున్నవాడు ఇక్కడ సంఘపెద్ద అయ్యాడు. కాఫీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచిన కాలంలో ఇక్కడ ఒకే పాత్ర చేతులు మారింది. పెదవి తగిలిన పాత్రను పక్కవాడు అందుకుని తాగాడు. మనిషికి తన విలువ తెలియడానికి ఇంతకు మించిన పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు.

అయినా కులం గుమ్మం దగ్గర చెప్పులతో పాటు ఆగిపోలేదు. మాలలకో మందిరం, మాదిగలకో మందిరం వెలిశాయి. పెళ్లి ప్రకటనల్లో క్రిస్టియన్ అన్న మాట పక్కనే కులం పేరు నేటికీ అచ్చవుతుంది. ఒకే పాత్రలో తాగినవాళ్లు ఒకే పందిట్లో పిల్లనివ్వడానికి వెనకాడతారు.

1938లో రాజమండ్రిలో ఇంకో అడుగు పడింది. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు బైబిలు మిషను మొదలుపెట్టారు. ఆయన సిద్ధాంతాల మీద వాదాలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. వాటి జోలికి నేను పోను. ఆయన బోధలో ఒక్క విషయం ఈ కథకు కావాలి. దేవుడు నీకు కనబడాలని, నీతో మాట్లాడాలని ఎవరి సిఫారసూ లేకుండా నువ్వే అడుగు అన్నారాయన. మధ్యలో విదేశీ దొర అక్కర్లేదు, వేదాంత కళాశాల పట్టా అక్కర్లేదు. ఊళ్లో ఏ అరుగూ ఎక్కనివ్వని మనిషికి దేవుడి సన్నిధిలో గంటలకొద్దీ కూర్చునే హక్కు దొరికింది. గోదావరి జిల్లాల పేటల్లో ఆ మిషను అంతగా వేళ్లూనుకోవడానికి ఈ హక్కే ఒక కారణమని నా నమ్మకం.

దేవుడి దగ్గర ఒక పేరు, తహసీల్దారు దగ్గర ఒక పేరు

బాప్తిస్మంతో కొత్త పేరు వచ్చేది. పెంటయ్య, పుల్లమ్మ వంటి పేర్లు అన్ని కులాల్లోనూ ఉండేవి. పిల్లలు దక్కనప్పుడు దిష్టి తగలకూడదని అలా పెట్టేవారు. కాకపోతే పై కులాల్లో పెంటయ్య పెద్దయ్యాక పెంటయ్యగారు అయ్యేవాడు, పేటలో పెంటిగాడిగానే ఉండిపోయేవాడు. యోహాను, రాహేలు, ప్రభుదాసు, కరుణమ్మ, సువార్తమ్మ అన్న పేర్లతో ఆ అవస్థ కొంత తప్పింది. ‘గాడు’ తగిలించడానికి ఊరివాడి నోరు కాస్త తడబడేది.

ఆ పేరే తరువాత చిక్కు తెచ్చిపెట్టింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం తీసుకున్న షెడ్యూల్డు కులాల వారిని వెనుకబడిన తరగతుల్లో ‘సి’ గ్రూపుగా పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. దాంతో ఇంటింటా రెండు పేర్లు మొదలయ్యాయి. సంఘం పుస్తకంలో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు 1.34 శాతం. ఆదివారం డెల్టాలో పది ఊళ్లు తిరిగి చూసినవాడికి ఆ అంకె నమ్మకం కలిగించదు.

దళిత క్రైస్తవులకు హోదా ఇవ్వాలని రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. అంతకు ముందే, 2022 అక్టోబరులో, ఇదే విషయం పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను కేంద్రం వేసింది. 2025లో గుంటూరు జిల్లా పాస్టరు ఒకరి కేసులో, మతం మారిన రోజే షెడ్యూల్డు కులాల హోదా పోతుందని, అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా ఉండదని హైకోర్టు తేల్చింది. పాస్టరును కులం పేరుతో తిట్టినవాడు ఆయన మతం కనుక్కుని తిట్టడు కదా! కాని చట్టం ముందు ఆ ప్రశ్న నిలబడలేదు.

ఇలా రెండు పేర్లతో బతికేవాళ్లను అబద్ధాలకోరులని వేలెత్తి చూపడం తేలిక. వేలెత్తేవాళ్లు ఆ ఇంట్లో పదేళ్ల పిల్లను ఒక్కసారి తలచుకోవాలి. ఆదివారం బడిలో బహుమతి ఇచ్చేటప్పుడు పిలిచే పేరును స్కూల్లో పొరపాటున కూడా అనకూడదని ఆ పిల్లకు ఎవరో ఒకరోజు చెప్పాలి. ఎందుకని అడిగితే జవాబూ చెప్పాలి. నువ్వు దేవుని స్వరూపంలో పుట్టావని ఆదికాండము మొదటి అధ్యాయం ఆ పిల్లకు కంఠతా వచ్చు. ఆ స్వరూపం సర్టిఫికెట్టు మీద కనబడకూడదన్నది కూడా అదే వయసులో నేర్చుకుంటుంది.

అంబేడ్కర్ వేసిన ప్రశ్న

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయింది. అంబేడ్కర్ పేరు చేర్చే ప్రతిపాదన రాగానే మే 24న అమలాపురం మండింది. ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. పేరు నిలిచింది. పెద్దల పేర్లకూ బొమ్మలకూ కొత్తపేటతో ఒక లంకె ఉంది. తెలుగు నేల మీద కూడళ్లలో నిలిచిన నాయకుల విగ్రహాల్లో ఎన్నో ఈ ఊళ్లోని ఉడయార్ల శిల్పశాలలో రూపు దిద్దుకున్నవే. ఒక మనిషి విలువను కంచులో పోసి నిలబెట్టే పని ఈ ఊరికి బాగా తెలుసు.

అదే అంబేడ్కర్ మతం మారిన అస్పృశ్యుల స్థితి మీద ఒక వ్యాసం రాసుకున్నారు. ఆయన పోయాక చాలా ఏళ్లకు అది సంపుటాల్లో అచ్చయింది. మన చర్చిల్లో దాన్ని చదివినవాళ్లు తక్కువ. ఆయన ఫిర్యాదు సూటిగా ఉంటుంది. అంటరానివాడి పతనానికి కారణం చుట్టూ ఉన్న సమాజం. చర్చి వచ్చి నీ పతనానికి కారణం నీ పాపమంటుంది. దాంతో అతను సమాజంతో పోట్లాడవలసిన చోట తనతో తాను పోట్లాడుకుంటాడు. మతం మారడంతో అతనిలో కదలిక రావలసింది పోయి, ఉన్న కదలికా చల్లారుతుందని ఆయన బాధ.

అంబేడ్కర్ పూర్తిగా న్యాయంగా మాట్లాడారని నేననను. పేటల్లో మొదట బడి పెట్టింది, పలక పట్టించింది చాలాచోట్ల చర్చే. గుర్రం జాషువా పుట్టింది క్రైస్తవ ఇంట్లో. ఆయన గబ్బిలం 1941లో వచ్చింది. ఈ కోనసీమలోనే కందికుప్పలో 1939లో పుట్టిన బొజ్జా తారకం తరం వరకు వచ్చేసరికి పేటల్లో చదువు, ధిక్కారం రెండూ పెరిగాయి. ఇందులో మిషను బడుల పాలు కొట్టిపారేయలేం. అయినా పాపం గురించిన అంబేడ్కర్ ప్రశ్న మాత్రం నేటికీ మైకు ముందు నిలబడే ఉంది. కూలి డబ్బులు ఎగ్గొట్టిన ఆసామీ పాపం ఎవరి ప్రార్థనలో వస్తోంది?

తనను ప్రేమించుకోవడం పాపమా?

తనను ప్రేమించుకోవడం గురించి బైబిలు రెండు గొంతులతో మాట్లాడినట్టు అనిపిస్తుంది. లేవీయకాండము 19వ అధ్యాయం పొరుగువాణ్ని నీ అంత వాడిగా ప్రేమించమంది. మార్కు 12లో యేసు దాన్నే రెండో పెద్ద ఆజ్ఞగా నిలబెట్టాడు. ఇటు పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరం మూడో అధ్యాయంలో చివరి దినాల మనుషుల దుర్గుణాల పట్టీ మొదలుపెడుతూ తమను తామే ప్రేమించుకునేవాళ్లను ముందు వరసలో పెట్టాడు. మన ప్రసంగాల్లో ఈ రెండోదే ఎక్కువ వినబడుతుంది. సెల్ఫీలు, ఫేషన్లు, కుర్రకారు అంటూ అక్కడి నుంచి లంకించుకోవడం సులువు.

పాత పెద్దలు ఈ ముడి మీద చాలా తలపట్టుకున్నారు. తనను ప్రేమించుకోమని విడిగా ఆజ్ఞ అక్కర్లేదని, అది మనిషికి ఎలాగూ ఎక్కువేనని కాల్విన్ వాదన. మనిషి తనలోకి తాను ముడుచుకుపోవడమే పాపమని లూథర్ అన్నాడు. 12వ శతాబ్దపు బెర్నార్డు సన్యాసి దారి మాత్రం వేరు. ప్రేమకు నాలుగు మెట్లు కట్టి, అన్నిటికంటే పైమెట్టు మీద దేవుణ్ని కాక మనిషినే నిలబెట్టాడు. దేవుడి కోసం తనను తాను ప్రేమించుకోగలిగిన మనిషిని. దేవుణ్ని ప్రేమించడం మూడో మెట్టే! ఇంత విచిత్రమైన, ఇంత అందమైన లెక్కను మన ఉజ్జీవ కూటాల్లో ఎవరూ ఎందుకు చెప్పరో.

వీళ్లంతా గర్వాన్ని తిట్టేటప్పుడు ఎవరిని చూసి తిట్టారన్నది అసలు విషయం. వాళ్ల ఎదుట ఉన్నది రాజులు, మఠాధిపతులు, పండితులు, ఆ పైన తమ సొంత మనసులు. 1960లో అమెరికాలో వేలరీ సేవింగ్ అనే వేదాంత విద్యార్థిని ఒక వ్యాసంలో ఇదే పట్టుకుంది. గర్వమే అన్ని పాపాలకూ తల్లి అన్నది మగవాళ్లు తమ అనుభవం నుంచి రాసుకున్న మాట అంది. ఆడవాళ్లను పడగొట్టేది చాలాసార్లు దానికి ఎదురు దిక్కు. తనంటూ ఏమీ మిగలకుండా ఇంటిల్లిపాదిలో కరిగిపోవడం. అలాంటి మనిషికి నిన్ను నువ్వు తగ్గించుకో అని బోధిస్తే రోగం పెరిగే మందు పోసినట్టే.

అంతకు ముందే, 1949లో, హోవర్డ్ థర్మన్ అనే నల్లజాతి బోధకుడు ఒక పుస్తకంలో ఇదే ప్రశ్నను అణగారినవాళ్ల వైపు నుంచి అడిగాడు. వీపు గోడకు ఆనుకుపోయినవాడికి యేసు ఏం చెబుతాడని. ఆయన అమ్మమ్మ బానిసగా బతికింది. మీరు బానిసలు కారు, దేవుడి పిల్లలని తోటల్లో ఒక బానిస బోధకుడు చెప్పిన మాట ఆమె జీవితాంతం మనవడికి చెప్పేది. ఆ మాట విన్నప్పుడు వెన్ను నిటారుగా నిలిచేదట. థర్మన్ 1935-36లో మన దేశం వచ్చి గాంధీని బార్డోలీలో కలిశాడు. కోనసీమ పేటల్లో ఆయన పుస్తకం తెలిసినవాళ్లు అరుదు. ఆ అమ్మమ్మ లాంటి అమ్మమ్మలు మాత్రం ప్రతి పేటలోనూ ఉన్నారు.

కొలిచే కుంచం లొట్టపడితే కొలిచిన ధాన్యం ప్రతిసారీ తక్కువే వస్తుంది. పొరుగువాడికి ఇవ్వాల్సిన ప్రేమకు కొలత నువ్వే అన్నాక, ఆ కొలతనే నొక్కి నొక్కి చిన్నది చేసే బోధ పొరుగువాడికి కూడా నష్టమే.

శుక్రవారం కువైట్లో, ఆదివారం కొత్తపేటలో

రాజోలు, అమలాపురం, కొత్తపేట వైపు నుంచి గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్ల సంపాదనతో లేచిన శ్లాబు ఇళ్లు ఊరూరా కనబడతాయి. వెళ్లినవాళ్లలో పేటల క్రైస్తవ స్త్రీలు చాలామంది. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు కూడతాయి, తెలుగు సంఘాలూ అక్కడ ఉన్నాయి. అక్కడ వారాంతం శుక్రవారం, ఆరాధనా ఆ రోజే. శుక్రవారం సెలవిచ్చే యజమాని దొరకడం ఒక అదృష్టం. అందరికీ దొరకదు.

ఆ దినార్లు ఎటు పోతాయో చూడండి. ముందు ఏజెంటు అప్పు. తరువాత కూతురి పెళ్లి, కొడుకు చదువు, ఇంటి పైకప్పు, మొగుడి బాకీలు. దశమభాగం తప్పదు. కొత్త మందిరానికి కానుక సరేసరి. చివరికి ఆమెకు మిగిలేదేమిటని అడిగితే మన కోనసీమ జవాబు వస్తుంది: ‘ఆయ్, మాదేవుందండీ, పిల్లలు బాగుంటే చాలండీ’. ఆ జవాబుకు సంఘం ఆమెన్ అంటుంది. త్యాగమని పొగుడుతుంది. మోకాళ్లు అరిగి, షుగరు ముదిరి తిరిగొచ్చాక ఆమె వైద్యానికి డబ్బు వెతుక్కోవలసి వచ్చినప్పుడు ఆ పొగడ్త అక్కరకు రాదు. తన మీద తాను ఖర్చు పెట్టుకోవడం స్వార్థమని నేర్పిన బోధకు ఇందులో భాగం లేదంటే ఎలా?

ఈ మధ్య ఫోన్లలో దీనికి ఎదురు బోధ కూడా వచ్చింది. నువ్వు విజేతవి, నువ్వు తలవి, తోకవి కావు, నీకు కారు వస్తుంది, వీసా వస్తుంది. ఈ తీరుకు తాతలు అమెరికాలో ఉన్నారు. నార్మన్ విన్సెంట్ పీల్ సానుకూల ఆలోచనల పుస్తకం 1952లో వచ్చింది. రాబర్ట్ షుల్లర్ 1982లో ఆత్మగౌరవాన్నే కొత్త సంస్కరణోద్యమంగా ప్రకటిస్తూ పుస్తకం రాశాడు. ఆయన గాజు కేథడ్రల్ 2010లో దివాలా తీసి, తరువాత కేథలిక్కుల చేతికి వెళ్లింది. నేలకేసి అణిచే బోధ కంటే ఇది నయమని కొందరు కుర్రాళ్లు అనుకుంటారు, అనుకోవడంలో తప్పు లేదు. కాని ఇందులోనూ ఒక మెలిక ఉంది. కారు రాకపోతే? వీసా రాకపోతే? విశ్వాసం చాలలేదంటారు. తప్పు మళ్లీ ఆ మనిషి నెత్తినే.

ఈ రెండు బోధలకూ లొంగనిది సాక్ష్యం. వారం మధ్యలో మధ్యాహ్నం జరిగే స్త్రీల కూటాల్లో ఒకామె లేస్తుంది. పనికిమాలినదాన్ని అని మొదలుపెడుతుంది, అదొక ఆనవాయితీ. అక్కడి నుంచి కథ నడుస్తుంది. ఎప్పుడు అప్పు చేశారు, ఏ ఇంట్లో పాస్‌పోర్టు లాక్కున్నారు, ఏ రాత్రి బాత్‌రూములో కూర్చుని ప్రార్థించింది, ఎలా బయటపడింది. తేదీలతో, ఊళ్ల పేర్లతో చెబుతుంది. వినేవాళ్లు మధ్యలో మాట అడ్డం రారు. ఇంట్లో, వీధిలో, కచ్చేరీలో ఆమెకు ఎన్నడూ దొరకని మర్యాద అది. నోటితో నేనేమీ కానని అంటూనే, పదిహేను నిమిషాల పాటు తన బతుకు వినదగినదని నిలబడి రుజువు చేస్తుంది. యెషయా 43లో దేవుడు తన ప్రజను విలువైనవాళ్లని చెప్పిన చోటు మీద ఎన్ని ప్రసంగాలైనా విన్నాను. ఏదీ ఈ సాక్ష్యానికి సాటి రాలేదు.

బ్రదరన్ సంఘాల్లో ఆదివారం ఆరాధనలో ఆడవాళ్లు మౌనంగా ఉండాలన్నది నియమం. కూలివాడికి నోరిచ్చిన పద్ధతి కూలిమనిషికి ఇవ్వలేదు. మిగతా సంఘాల్లో అంత గట్టి కట్టు లేకపోయినా పెద్దల వరసలో ఆడవాళ్లు అరుదే. అందుకని ఆమె సాక్ష్యం బుధవారం కూటంలోనే ఆగిపోతుంది. ఆదివారం ప్రసంగం యథాప్రకారం గర్వం మీద సాగుతుంది.

గల్ఫ్ కానుకలతో గోడలు లేచిన మందిరాల్లో ఒక చిన్న పని చేయొచ్చు. సంఘం లెక్కల పుస్తకం తెరిచి, తిరిగొచ్చిన ఆడవాళ్ల వైద్యానికి కిందటేడు ఎంత ఖర్చు రాశారో చూడొచ్చు. ఆ పద్దు లేకపోతే ఈ ఏడు మొదలుపెట్టొచ్చు. ఎంత పెట్టాలో తేల్చే సమావేశంలో ఆ ఆడవాళ్లే కూర్చోవాలి.